ఇనుము ఒక్కటే, గుణాలే వేరు

అదే కందిపప్పు, అదే చింతపండు, అవే పోపుగింజలు. అయినా అక్క పెట్టిన పప్పుచారు వేరు, చెల్లెలు పెట్టిన పప్పుచారు వేరు. "చేతి మహిమ" అనుకుని రెండో ముద్ద కలుపుకుంటాం. ఆటోమేటిక్ కార్ల సంగతీ ఇంచుమించు ఇంతే. లోపలి పళ్ళచక్రాలు అవే, నూనె అదే. కాని ఒక కారు గేరు మార్చిందో లేదో తెలియకుండా సాగిపోతుంది. మరొకటి మార్చినప్పుడల్లా తల ముందుకూ వెనక్కూ ఊపిస్తుంది. ఇక్కడ ఉన్నదీ చేతి మహిమే. కాకపోతే ఆ చెయ్యి మనకు కనిపించదు.

అసలు గేరెందుకు? బండి కదలడానికి బలం కావాలి, కదిలాక వేగం కావాలి. ఇంజను రెండూ ఒక్కసారే ఇవ్వలేదు. ఆ రెంటికీ రాజీ కుదిర్చే పెద్దమనిషి గేరు. ఎడమకాలితో క్లచ్చి తొక్కి, చేత్తో గేరు కడ్డీ లాగి ఆ రాజీ కుదర్చడమే డ్రైవింగు నేర్చుకోవడంలో సగం అవస్థ.

ఆ అవస్థ తప్పించే మొదటి పెద్ద ప్రయత్నం అమెరికాలో ఫలించింది. జనరల్ మోటార్స్ వారు 1939లో హైడ్రామాటిక్ అనే గేరుపెట్టెను ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టారు. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు, ఆయన బృందం చేసిన పని అది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా! గాలి బదులు నూనెతో అదే పని చేయించారు. జర్మనీలో హెర్మన్ ఫొట్టింగర్ ఓడలకోసం 1905లోనే ఈ దారి తొక్కాడు. మరి గేరు ఎప్పుడు మార్చాలో ఎవరు చెబుతారు? కంప్యూటర్లు లేని రోజులాయె. సన్నటి నూనె కాలవలు, చిన్న చిన్న స్ప్రింగులు, అంతే. బండి వేగం ఒక వైపునుంచి తోస్తుంది, డ్రైవరు కాలు రెండో వైపునుంచి తోస్తుంది. ఎవరి బలం ఎక్కువైతే వారి మాట చెల్లుతుంది.

"క్లచ్చి లేని కారా? ఆడవాళ్ళ బండి!" అని మీసం దువ్వేవారు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు. ఆ "ఆడవాళ్ళ గేరు" 1942లో యుద్ధానికి వెళ్ళిన సంగతి వారికి తెలియదు కాబోలు. అమెరికా సైన్యం వారి ఎం-5 స్టూవర్ట్ ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లు, వాటికి రెండు హైడ్రామాటిక్‌లు ఉండేవి. గుళ్ళ వర్షంలో సైనికుడికి పనికొచ్చిన సౌకర్యం, బజారుకెళ్ళే ఇల్లాలికి నామోషీ ఎలా అవుతుందో వారే చెప్పాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. హైడ్రామాటిక్ గేరు మారిస్తే కుదుపు తెలిసేది. అందుకని 1948లో బ్యూయిక్ వారు డైనాఫ్లో తెచ్చారు. అందులో గేరు మారుతున్న జాడే ఉండదు. కాని కాలు నొక్కితే ఇంజను గోల పెట్టేది, బండి మాత్రం తీరుబడిగా కదిలేది. గిట్టనివారు దానికి "డైనాస్లష్" అని, అంటే బురదలో ఈదే బండి అని, పేరు పెట్టారు. మెత్తదనం ఒక్కటే చాలదనీ, చెప్పిన మాట వినడం కూడా ముఖ్యమేననీ అప్పుడు తేలింది.

ఈ రెంటికీ ఎందుకు పడదో మన వంటింట్లోనే చూడొచ్చు. మరిగే పాలగిన్నె ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోవాలి. మొదటివారు ముందే వదిలేస్తే పాలు నేలపాలు. ఇద్దరూ పట్టుకుని లాగితే గిన్నె అదిరి చెయ్యి కాలుతుంది. గేరుపెట్టెలో కూడా ఒక క్లచ్చి వదలాలి, మరొకటి అందుకోవాలి. ముందే వదిలితే ఇంజను ఊరికే అరుస్తుంది. ఆలస్యంగా వదిలితే కుదుపు. పోనీ మరీ నెమ్మదిగా మారుద్దామంటే, క్లచ్చి పలకలు రాసుకుని వేడెక్కి, అరిగిపోతాయి. పాతరోజుల్లో ఈ తీరు మార్చాలంటే పెట్టె విప్పి, స్ప్రింగులు మార్చి, నూనె రంధ్రాలు పెద్దవి చేసేవారు. పందేల కుర్రాళ్ళు చేసింది అదే.

1980లలో ఈ పెత్తనం కంప్యూటరు చేతికి వచ్చింది. గేరు ఎప్పుడు మారాలి, నూనె ఎంత ఒత్తిడితో రావాలి అనేవి ఇనుములో కాకుండా అంకెల్లో రాయడం మొదలైంది. 1989లో వచ్చిన లెక్సస్ ఎల్.ఎస్. 400 కారులో, గేరు మారే రెప్పపాటు కాలంలో ఇంజను తన బలం కాస్త తగ్గించుకునేది. అందువల్లే అంత మెత్తదనం. ఆ ఏడే క్రైస్లర్ వారు అల్ట్రాడ్రైవ్ తెచ్చారు. తన క్లచ్చిలు ఎంత అరిగాయో కనిపెట్టి దానికి తగ్గట్టు సర్దుకునే పెట్టె అది. తొలిరోజుల్లో నానా తిప్పలూ పెట్టింది. కొన్ని జబ్బులకు కొత్త సాఫ్ట్‌వేరే మందయింది.

తర్వాత జర్మనీలోని జెడ్.ఎఫ్. వారి ఎనిమిది గేర్ల పెట్టె 2009లో బి.ఎం.డబ్ల్యు. కారులో మొదలై, జాగ్వార్‌లోకి, రోల్స్ రాయిస్‌లోకి, అమెరికాలో సామాను మోసే రామ్ బండ్లలోకి కూడా చేరింది. ఒకే వంశం పెట్టె! ఒక ఇంట చురుకు, ఒక ఇంట రాజసం, ఒక ఇంట ఓర్పు. గేర్ల అమరిక పెద్దగా మారలేదు. మారింది ముఖ్యంగా ఆ అంకెల రాత.

మన దేశంలో ఈ కథను మధ్యతరగతి గుమ్మంలోకి తెచ్చింది 2014లో వచ్చిన మారుతి సెలేరియో. మామూలు గేరుపెట్టెనే ఉంచి, క్లచ్చి తొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రానికి అప్పగించారు. ఉన్నది ఒక్క క్లచ్చే కనుక, వదిలి మళ్ళీ పట్టేలోగా లాగుడు ఆగి, తల ఊగుతుంది. మంచి రాతతో ఆ ఊపు తగ్గుతుంది గాని, బొత్తిగా పోదు.

ఇదంతా మనకెందుకంటారా? సర్వీసుకి వెళ్ళొచ్చిన కారు "ఎందుకో ఇదివరకటిలా లేదండీ" అని ఇల్లాలు అంటుంది. "ఒక్క సామానూ మార్చలేదు, మీ భ్రమ అమ్మా" అంటాడు మెకానిక్కు. "నీకన్నీ అనుమానాలే" అంటారు శ్రీవారు. భ్రమ కాకపోవచ్చు! ఒక్క మర అయినా విప్పకుండా కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చు. పెట్టె ఇన్నాళ్ళూ నేర్చుకున్నది చెరిపేసి ఉండవచ్చు. అలా చెరిపితే, మళ్ళీ నేర్చుకునేదాకా కుదుపులు తెలుస్తాయి. బిల్లులో కనిపించని మార్పు వెన్నుకి తెలుస్తుంది. కనుక వెంటనే నోరు మూసుకోకుండా, "సాఫ్ట్‌వేర్ మార్చారా? పాత నేర్పు చెరిపారా?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాక భ్రమ సంగతి చూసుకోవచ్చు.

కొసమెరుపు ఒకటుంది. హ్యుందాయ్ వారు 2023లో తెచ్చిన అయోనిక్ 5 ఎన్ కరెంటు కారు. అందులో మార్చుకోవడానికి గేర్లే లేవు. అయినా మీట నొక్కితే ఎనిమిది గేర్లున్నట్టు నటిస్తుంది, కుదుపుతో సహా! ఎనభై ఏళ్ళు తపస్సు చేసి వదిలించుకున్న కుదుపును ఇప్పుడు డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారన్నమాట. మనిషి మెప్పు పొందడం యంత్రానికైనా సులువేం కాదు మరి!