నాలాపాని యుద్ధభూమి: జంట స్తంభముల సాక్ష్యము

డెహ్రాడూన్ నగరపు అంచున, రిస్పనా నది చెంత, తెల్లని చిన్న స్తంభములు రెండు పక్కపక్కన నిలిచియున్నవి. మొదటిది 1814 లో ఆ సమీపమున గల కొండకోటపై దండెత్తి మడిసిన ఆంగ్ల సేనాని గిలెస్పీకిని, అతని సేనకును స్మారకము. రెండవది ఆ కోటను కాపాడిన గూర్ఖా నాయకుడు బలభద్ర కున్వర్‌కును, అతని అనుచరులకును. గెలిచినవారు తమ వీరులకు రాతిని నాటుట లోకసామాన్యము. శత్రువునకు గూడ నాటుట అరుదు. దీనిని ఔదార్యమని మెచ్చి ఊరకుండుట పరిపాటి. కాని స్మారకమును శాసనమువలె చదువవలెననియు, అది చెప్పినదానితోపాటు చెప్పక విడిచినదానిని గూడ లెక్కింపవలెననియు మా యభిప్రాయము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఆంగ్లేయుల వ్రాతలలో ఈ కోట ‘కలుంగా’ యనియు, ‘కళింగ’ యనియు కనబడును. పురావస్తు శాఖవారి రక్షిత కట్టడముల పట్టికలో సైతము ఇది కళింగ స్మారకమే. మన పాఠకులు దీనిని కళింగదేశముతో ముడిపెట్టు ప్రమాదము కలదు. ఇది నేపాలీలోని ‘ఖలంగా’ శబ్దము. సేన విడిసిన తావు అని దాని యర్థము. నాలాపాని యనునది ఆ కొండప్రాంతపు పేరు.

యుద్ధమునకు కారణము సరిహద్దు. గోరఖ్‌పూరు దిక్కున బుట్వల్, స్యూరాజ్ అను తరాయి భూములు తమవని కంపెనీవారును, నేపాల్ ప్రభుత్వమును పట్టుపట్టిరి. 1814 మే నెలలో బుట్వల్ ప్రాంతపు కంపెనీ ఠాణాలపై నేపాలీలు పడగా, గవర్నరు జనరల్ మొయిరా ప్రభువు యుద్ధమునకు సిద్ధపడెను. నవంబరు 1 న ప్రకటన వెలువడెను. దానికి ముందుగనే గిలెస్పీ సుమారు 3,500 మందితో డెహ్రాడూన్ ప్రవేశించెను. ఇతడు మనకు క్రొత్తవాడు కాడు. 1806 జూలై 10 న వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడినపుడు, ఆర్కాటునుండి గుఱ్ఱపుదండుతో వచ్చి వారిని నిర్దయగా అణచినవాడితడే.

కోటలో బలభద్రునితో ఉన్నవారు స్త్రీలను, పిల్లలను కలుపుకొని దాదాపు 600 మంది. అక్టోబరు 31 నాటి ముట్టడిలో గిలెస్పీ గుండు తగిలి కూలెను. నవంబరు 27 నాటి రెండవ ప్రయత్నమును విఫలమాయెను. అంతట మాబీ దొర ఫిరంగులతో గోడలను కూల్చుచు, బయటి ఊటనుండి కోటకు నీరందకుండ చేసెను. లోపల నీటివసతి లేదు. కోటను లొంగదీసినది ఖడ్గము కాదు, దాహము. నవంబరు 30 రాత్రి బలభద్రుడు 70 మందికి మించని శేషముతో వెలికి వచ్చి, ముట్టడి వరుసలను ఛేదించుకొని పోయెను. కంపెనీ పక్షమున చచ్చినవారును, గాయపడినవారును కలిసి కోటలోని మొత్తము జనసంఖ్యను మించిరి. తరువాత కోటను నేలమట్టము చేసిరి. 1820 నాటి తన హిమాలయ యాత్రాగ్రంథమున ఫ్రేజరు ఒక ముచ్చట చెప్పెను. దవడ పగిలిన గూర్ఖా యొకడు ఫిరంగుల మోతనడుమ చేయి ఊపుచు వచ్చి ఆంగ్ల వైద్యునిచే చికిత్స పొంది, నయమైనంతనే మరల పోరుటకు తనవారి కడకు పోనిండని కోరెనట.

ఇక స్తంభములను చదువుదము. బలభద్రుని స్తంభమున అతని తరువాతి గతియు చెక్కబడినది: రణజిత్‌సింగు కొలువున చేరి, ఆఫ్గనుల ఫిరంగులకు అనుచరులతో బలియైనాడని. అది 1823 నాటి నౌషేరా యుద్ధము. కావున ఈ శాసనము పోరు ముగిసిన వెంటనే చెక్కినది కానేరదు. 1815 నుండియే కంపెనీ గూర్ఖా దళములను కూర్చుకొనుచుండెను. శత్రువు సేవకుడుగా మారిన పిదప చెక్కిన ప్రశంస యిది. శత్రువు ఎంత ఘనుడో జయము అంత ఘనము. అతని జాతి ఎంత శూరమో దానినుండి తీసిన దళము అంత విలువ. మెప్పు అసత్యమని మేమనము. నిర్వ్యాజమని మాత్రము అనజాలము.

గిలెస్పీ స్తంభమున మడిసిన తెల్ల అధికారుల పేర్లు పదవులతో కలవు. సిపాయిలకు దళముల పేర్లే కాని మనుష్యుల పేర్లు లేవు. దప్పితో అలమటించిన స్త్రీలకును, పిల్లలకును రెండవ స్తంభమున ఒక్క పంక్తియు లేదు. గఢ్వాలు ప్రజల గోడు అసలే లేదు. వారి రాజు ప్రద్యుమ్నశాహు 1804 లో ఇదే డూన్ లోయలోని ఖుర్‌బురాలో గూర్ఖాలతో పోరి మరణించెను. బలభద్రుడు నేపాలులో జాతీయవీరుడు; డెహ్రాడూన్ గూర్ఖాలు ఏటేటా ఖలంగా మేళా జరుపుదురు. కాని గఢ్వాలులో గూర్ఖా పాలన పీడనకు మారుపేరు. ఒకే నేలపై మూడు స్మృతులు కలవు, రాళ్లు రెండే.

మనకు సంబంధించిన సూక్ష్మ మొకటి మిగిలినది. 1756 లో మద్రాసునుండి క్లైవు వెంట వంగదేశమునకు పోయిన సిపాయిలను అచ్చటివారు తెలింగలనిరి. ఆ మాట క్రమముగా హిందీలోను, నేపాలీలోను ‘తిలంగా’ యై, ఏ దేశపు సిపాయికైనను పేరాయెను. నాలాపానిలో పడిన సిపాయిలు చాలవరకు అవధ్, బీహారు ప్రాంతములవారు. వారిని పిలిచిన మాట మాత్రము మనది. మాట నిలిచినది, మనుష్యులు మరుగైరి. కోటకు వెలుపల పడిన తిలంగాల పేర్లును, లోపల పడినవారి పేర్లును సమానముగా వెదకి వ్రాయువరకు ఆ యుద్ధభూమి స్మారకము అసంపూర్ణమేయని మేము తలంచుచున్నాము. పరిశోధక విద్యార్థులు ఈ దిక్కున దృష్టి సారింతురు గాక.