వ్యూహక్రీడలలో అంతఃకలహ ఘట్టరచన: వేంకటపతిరాయల అనంతర కలహము ఆధారముగా

చరిత్రను వస్తువుగా గ్రహించి కంప్యూటరుపై ఆడు వ్యూహక్రీడలు నేటి విద్యార్థులకు సుపరిచితములు. స్వీడను దేశమునకు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో వెలువరించిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అట్టివానిలో ప్రసిద్ధమైనది. దానిలోని కాలము 1444లో ఆరంభమై 1821తో ముగియును. విజయనగరము అందు ఆటగాడు చేపట్టదగిన రాజ్యములలో నొకటి. ఈ క్రీడలోని ఘట్టములు సామాన్యమైన అక్షరరూప పత్రములలో వ్రాయబడి యుండుటచే, ఆసక్తి గలవారెవరైనను వానిని మార్చవచ్చును, క్రొత్తవానిని చేర్పవచ్చును. ఇట్టి మార్పుచేర్పులనే ఆటగాండ్రు ‘మాడ్’ అని వ్యవహరింతురు.

ఘట్టరచన యందు మూడంగములు ముఖ్యములు. ఏ పరిస్థితులు కూడినపుడు ఘట్టము సంభవింపవలెనో తెలుపు నిమిత్తము మొదటిది. ఆటగాని ముందుంచు వికల్పములు రెండవది. ఒక్కొక్క వికల్పము వలన కలుగు ఫలము మూడవది. రాజ్యస్థైర్యము మైనస్ 3 మొదలు ప్లస్ 3 వరకును, రాజుయొక్క అధికారార్హత సున్న మొదలు 100 వరకును అంకెలతో కొలువబడును. స్థైర్యము క్షీణించి అర్హత సన్నగిల్లినచో అంతర్యుద్ధము పొడసూపును. సింహాసనము కోరువారి పక్షమున తిరుగుబాటు సేనలు లేచును. కారణమేది, కార్యమేది, నిర్ణయమెవరిది అను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పక ఈ పత్రములో ఒక్క పంక్తియు వ్రాయ వీలుకాదు. చరిత్రకారుడును ఈ ప్రశ్నలనే ఎదుర్కొనును. కాని అతడు “బహుశః”, “కాబోలు” అను మాటల చాటున నిలువగలడు. ఘట్టరచయితకు ఆ వెసులుబాటు లేదు. అందుచేత ఈ రచన చరిత్ర పరిశోధకులకు మంచి పరీక్ష కాగలదు. మన చరిత్రనుండి ఒక అంతఃకలహమును గైకొని ఈ విషయమును పరిశీలింతము.

రెండవ వేంకటపతిరాయలు 1586 మొదలు 1614 వరకు రాజ్యమేలెను. అతని తుదినాళ్ళలో రాజధాని వేలూరు. ఔరససంతానము లేనందున అతడు తన అన్నకొడుకైన శ్రీరంగరాయలకు, అనగా చిక్కరాయలకు, రాజ్యమప్పగించి 1614లో మరణించెను. బాయమ్మ యను రాణి ఒక బాలుని తన కుమారుడని పెంచుచుండెను. గొబ్బూరి జగ్గరాయడు ఆ బాలుని పక్షము వహించి, కోటను వశపరచుకొని, చిక్కరాయలను సకుటుంబముగా బంధించెను. వెలుగోటి యాచమనాయకుడొక్కడు లొంగక వెలుపల నిలిచెను. ఒక చాకలి చిక్కరాయల కుమారుని బట్టల మూటలో దాచి కోట దాటించెననియు, అనంతరము చిక్కరాయల కుటుంబము నాశనమయ్యెననియు జెసూట్ మతాచార్యుడైన మనుయెల్ బారదాస్ 1616 డిసెంబరులో వ్రాసిన లేఖ వలన తెలియుచున్నది. ఈ లేఖను రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన తన విజయనగర చరిత్రలో ఆంగ్లానువాదముగా చేర్చెను. తప్పింపబడిన ఆ బాలుడే రామదేవరాయలు. తంజావూరు రఘునాథనాయకుడు యాచమనికి తోడుపడెను. మధుర, సెంజి నాయకులు జగ్గరాయని జేరిరి. కావేరీతీరమున తోపూరు యుద్ధములో జగ్గరాయడు హతుడయ్యెను.

ఈ కథను క్రీడాఘట్టములుగా మార్పబూనినచో తొలి చిక్కు “తిరుగుబాటుదారు” అను పదముతోనే కలుగును. క్రీడా నియమము ననుసరించి రాజధానియు, సింహాసనస్థుడును ఎవరి చేతనుండిన వారిదే రాజ్యము; తక్కినవారు తిరుగుబాటుదారులు. ఈ లెక్కను 1614లో వేలూరు కోటను, బాలరాజును చేతబట్టిన జగ్గరాయడే రాజ్యము. మృతరాజు నియమించిన వారసుని వంశమును కాపాడిన యాచమడు తిరుగుబాటుదారు! మన గ్రంథములు దీనికి విరుద్ధముగ జగ్గరాయనినే ద్రోహి యనుచున్నవి. ఆ మాట వచ్చినది ఎవరి నోటనుండి? నేలటూరు వేంకటరమణయ్యగారు 1939లో మద్రాసు విశ్వవిద్యాలయ పక్షమున పరిష్కరించి ప్రకటించిన ‘వెలుగోటివారి వంశావళి’ యాచమని కులమువారి గ్రంథము. తోపూరు యుద్ధమును వర్ణించు ‘రఘునాథాభ్యుదయము’, ‘సాహిత్యరత్నాకరము’ తంజావూరు ఆస్థానమున వెలసినవి. అనగా మనకు దక్కిన దేశీయ సాక్ష్యమధికభాగము గెలిచినవారిది. తటస్థుడని తలచదగిన బారదాస్ సైతము యాచమని స్వామిభక్తిని మెచ్చుకొనెను. జగ్గరాయని పక్షమువారు తమ న్యాయమును తాము చెప్పుకొన్న గ్రంథము ఈ సాక్ష్యములలో లేదు. కనుక అధికారార్హత యను అంకెను రాజు కొక్కటిగా కాక, ఒక్కొక్క నాయకుని దృష్టిలో వేర్వేరుగా నిర్ణయించుట యుక్తము.

రెండవ చిక్కు చాకలి వృత్తాంతము. బాలుడు తప్పించుకొనుట యాదృచ్ఛికమని తలచి నూటికి 50 పాళ్ళ సంభావ్యత నిచ్చినచో, రెండాటల కొకదానిలో యాచమని చేతికి రాజకుమారుడు చిక్కడు. అప్పుడు యుద్ధము జరుగునా? జరుగదని వ్రాసినచో, ఒక చాకలి సాహసమే దక్షిణదేశ చరిత్రను త్రిప్పినదని మనము అంగీకరించినట్లే. జరుగునని వ్రాసినచో, మధురకును తంజావూరునకును గల స్పర్ధయు, కేంద్రాధికారమునుండి విడివడగోరు నాయకుల స్వార్థములును అసలు కారణములనియు, రాజకుమారుడు నిమిత్తమాత్రుడనియు చెప్పినట్లగును. ఈ రెంటిలో ఏది నిజమో ఆటను నూరుమార్లు నడిపి తేల్చుకొనవచ్చునని కొందరు భ్రమపడుదురు. అది పొరపాటు. ఆట మనము పెట్టిన అంకెలనే మనకు తిరిగి చూపును. ఊహ సాక్ష్యమై తిరిగివచ్చినట్లు తోచును. అయినను ప్రయోజనము లేకపోలేదు. మన మనసులో దాగియున్న కారణవాదము అంకెరూపమున బయటపడును. బయటపడినదానిని ఇతరులు ఖండింపవచ్చును.

అంకెల విషయమున సాక్ష్యములే మనలను మోసగింపగలవు. తిరుచిరాపల్లి మైదానములలో ఇరుపక్షముల సేనలును కలిసి పదిలక్షల వరకు చేరెనని బారదాస్ వ్రాసెను. ఇది సేనల గణనగాక విస్మయసూచకముగా గ్రహింపదగినది. దీనినే యథాతథముగా పత్రములో నెక్కించినచో క్రీడలోని ఆ కాలపు సైన్యబలములన్నియు తారుమారగును. ఆ లేఖ వ్రాయునాటికి పోరు ముగియకుండుటయు గమనింపదగినది. తోపూరు యుద్ధకాలమును 1616 చివరకో 1617 ఆరంభమునకో చేర్చుటకు ఈ అంశము తోడ్పడును.

మూడవ చిక్కు విధేయతను గూర్చినది. క్రీడలో విరోధి యోడినంతనే కలహము సమసిపోవును. చరిత్రలో అట్లు జరుగలేదు. జగ్గరాయని తమ్ముడు యతిరాజు పోరు సాగించెను. తుదకు రామదేవరాయలు యతిరాజు కుమార్తెను వివాహమాడి సంధి చేసికొనెను. తన వంశమును నిర్మూలించినవాని ఇంటి యాడపడుచును రాజు పట్టపుదేవిగా గైకొనగా, అతనిని బ్రతికించిన యాచమడు దూరమయ్యెను. ఈ పరిణామమునకు ఘట్టము వ్రాయని మాడ్ ఎంత అందముగా నున్నను అసంపూర్ణమే. “యతిరాజుతో వియ్యమందుట” అను వికల్పమునకు రాజ్యస్థైర్యము పెరుగుటయు, యాచమని విధేయత పడిపోవుటయు రెండును ఫలములు కావలెను.

నాలుగవది దేశపటమునకు సంబంధించినది. క్రీడలో ఒక విశాల ప్రాంతము ఒకే మండలముగా చూపబడును. దానికి ఒకే అధిపతి. మైదుకూరు కేంద్రముగా చూచినచో ఇందలి లోపము స్పష్టమగును. ఉత్తరమున నంద్యాల, పడమట పెన్న గట్టుననే గండికోట, ఆగ్నేయమున సిద్ధవటము. నంద్యాలవారు, పెమ్మసానివారు, మట్లవారు అను మూడు వంశముల ప్రాబల్యము ఈ చిన్న పరిధిలోనే కలిసికొనుచుండెను. వేంకటపతిరాయల కాలముననే నంద్యాల కృష్ణమరాజు ఎదురు తిరిగి లొంగదీయబడెను. కొండ్రాజు తిరుపతిరాజును ఓడించిన మట్ల ఎల్లమరాజునకు సిద్ధవటసీమ దక్కెను. ఆ వంశజుడైన మట్ల అనంతరాజు ‘కకుత్స్థవిజయము’ రచించిన కవియు నయ్యెను. ఇట్లు ఒకని తిరుగుబాటు మరియొకని యెదుగుదలకు మెట్టగుచుండెను. 1614 నాటి కలహము ఆకస్మికముగా ఊడిపడినది కాదు. అంతకుముందు సీమలలో సాగిన ఈ చిన్న పోరుల పెద్ద రూపమే అది. కాబట్టి మండలమునకు ఒక్క అధిపతిని గాక, దుర్గమున కొక్క అధిపతిని నిలుపవలెను. ఆధారము కానరాని చోట ఆ యధిపతి ఏ పక్షమును జేరునో ముందే నిర్ణయింపక, వికల్పముగా విడువవలెను.

ఇందుకు కావలసిన సామగ్రి మనకు కొంత కలదు. హెన్రీ హేరాస్ 1927లో ప్రకటించిన ఆరవీటి వంశచరిత్ర, ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో కూర్చిన విజయనగర చరిత్రాధారముల సంపుటము ప్రధానమైనవి. కల్నల్ మెకంజీ సహాయకులు పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున గ్రామగ్రామమున వ్రాయించిన కైఫీయతులు స్థానికచరిత్రకు గని వంటివి. కాని అవి సంఘటనలు జరిగిన రెండువందల యేండ్లకు వ్రాయబడినవి. శాసనమునకు, సమకాలిక లేఖకు, కావ్యమునకు, కైఫీయతునకు ఒకే విలువ నిచ్చుట తగదు. ప్రతి ఘట్టము తలమీదను దాని ఆధారమేదియో ఒక పంక్తిలో వ్రాయు నియమమును పెట్టుకొన్నచో ఆటగాడు కథను, సాక్ష్యమును వేరుచేసి చూడగలడు.

ఈ శ్రమ యంతయు ఒక ఆటకొరకా యని పెద్దలు అడుగవచ్చును. తోపూరులో గెలిచిన పక్షము నిలుపుకొన్నది నామమాత్రమగు సామ్రాజ్యము. రామదేవరాయల కాలముననే కర్నూలు బిజాపురమువారి వశమయ్యెను. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టెను. మైదుకూరు పరిసరములలోని పల్లెలకు ఏలికలు మారుటకు మూలము కొంతవరకు ఆ అంతఃకలహమున నున్నది. నేడు మన విద్యార్థులలో పలువురు విజయనగర పతనమును 1565 నాటి రక్కసి తంగడి యుద్ధముతో ముగించి ఊరుకొందురు. వారు 1614ను ఎరుగుట పాఠ్యగ్రంథము వలననో, పరదేశమున ఎవరో వ్రాసిన క్రీడాపత్రము వలననో జరుగును. రెండవదే ముందు జరుగునట్లున్నది. అందు జగ్గరాయడు ఉత్త దుష్టుడుగా, యాచమడు ఉత్త వీరుడుగా, సీమదుర్గములు పేరులేని మచ్చలుగా మిగిలినచో ఆ చిత్రమే వారి మనసున స్థిరపడును. తెలుగు శాసనములను, వంశావళులను చదువనేర్చిన పరిశోధక విద్యార్థులు ఈ ఘట్టరచనకు పూనుకొనుట అందుచేతనే అవసరము.