వల్లియమ్మ మనవడు

మనవాడికి పేరొచ్చాక కూడా నిద్ర ఎందుకు పట్టదు? ‘ఇది నిజంగా నాదేనా’ అన్న అనుమానం ఎందుకు వదలదు? ఆత్మవిశ్వాసం తక్కువ అంటారు చాలామంది. ఆ అనుమానానికో చరిత్ర ఉందంటాను నేను. తమిళ ర్యాపర్ అరివు కథ చూడండి.

అరివు అరక్కోణం బిడ్డ. దళితుడు. ఇంజనీరింగ్ చదివాడు. 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందంతో జనానికి తెలిశాడు. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి నిలబెట్టిన బృందం అది. గానా, పరై డప్పు, ర్యాప్ ఒకే వేదిక ఎక్కాయి. ‘మేం కులం లేని తమిళులం’ అని నూరేళ్ళ కిందటే ప్రకటించిన అయోతీదాస్ పండితుడి ఆలోచనే ఆ పేరుకు మూలం.

2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ వచ్చింది. అరివు, గాయని ధీ, సంగీతం సంతోష్ నారాయణన్. కోట్లమంది చూశారు. మన కాలేజీ ఫెస్టుల్లోనూ గెంతారు. కానీ ఆ హుషారు అడుగున ఒప్పారి ఉంది. ఒప్పారి అంటే చావింట్లో ఆడవాళ్ళు పాడే శోకం. వీడియోలో కనిపించే ముసలామె వల్లియమ్మాళ్, అరివు అవ్వ. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన మనిషి.

ఆమె వెనక ఎంత చరిత్ర ఉందో తెలుసుకోండి. 19వ శతాబ్దంలో తెల్లదొరలు సిలోన్ కొండల మీద కాఫీ వేశారు. 1869 నుంచి ఆకుతెగులు కాఫీని తినేస్తే తేయాకుకు మళ్ళారు. పంట మారినా కూలీలు మారలేదు. తమిళ ఊళ్ళలో భూమి లేని జనాన్ని, వాళ్ళలో ఎందరో దళితుల్ని, కంగాణీలు అడ్వాన్సు అప్పుతో కట్టేసి తీసుకెళ్ళారు. అడవి కొట్టి తోటలు పెంచింది వాళ్ళే. 1948లో సిలోన్ పౌరసత్వ చట్టం ఆ లక్షలమందిని ఏ దేశానికీ చెందనివాళ్ళను చేసింది. 1964 అక్టోబరులో శాస్త్రి, సిరిమావో కూర్చుని 9,75,000 మందిని పంచుకున్నారు. ఇండియాకు 5,25,000, సిలోన్‌కు 3,00,000, మిగతా 1,50,000 మంది సంగతి తర్వాత. ‘మీరెక్కడ ఉంటారు’ అని తోట కూలీని అడిగిన నాథుడు లేడు.

మనకిది పరాయి కథ కాదు. కోరంగి రేవు నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అనే పిలిచారు. మనుషుల పేర్లు పోయి రేవు పేరు మిగిలింది.

ఇప్పుడు పాట పేరు చూడండి. ‘ఎంజామి’ అంటే ‘ఎన్ సామి’, నా సామి. పొలంలో కూలీ దొరను పిలవాల్సిన పిలుపు. తెలంగాణలో ‘బాంచన్ దొరా’ అనిపించినట్టే. అదే మాటతో అవ్వ తన మనవడిని ముద్దుగా పిలుచుకుంటుంది. దొరకు చెందిన మాటను గుంజుకొచ్చి ఇంటి బిడ్డకు తొడిగింది.

పాట పెద్దదైన కొద్దీ అరివు మాత్రం కనబడకుండా పోయాడు. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, మరో గాయకుడు ఉన్నారు. అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. విమర్శలు వచ్చాక ఆ పత్రిక అరివుతో డిజిటల్ ముఖచిత్రం వేసింది. 2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో ఆ పాట అరివు లేకుండానే మోగింది. అప్పుడతను రాశాడు: ఈ పాట కట్టింది, రాసింది, పాడింది నేనేనని, దీనికోసం ఆరు నెలల పాటు నిద్రలేని రాత్రులు గడిపానని. ముగ్గురం కలిసి చేసిన పని అని సంతోష్ నారాయణన్ వివరణ ఇచ్చాడు. అరివు పేరును తానెన్నడూ తగ్గించలేదని ధీ చెప్పింది. ఆ వాదనలో ఎవరి మాట ఎంతవరకు అన్నది అటుంచండి. లోకమంతా ఆడిన పాట తనదేనని ఒక దళిత కుర్రాడు రుజువు చూపించుకోవాల్సి రావడం దగ్గర ఆగండి.

అక్కడ అతనికి ఆసరా ఎవరు? పక్కన నిలబడి గొంతు కలిపిన రంజిత్ లాంటి అన్నలు. అంతకంటే ముందు అవ్వ. ‘నీదేనా’ అని అడిగే లోకానికి అతను చూపించింది ఆమె బతుకునే. 2024లో వచ్చిన అతని ఆల్బమ్ పేరు ‘వల్లియమ్మ పేరాండి’. వల్లియమ్మ మనవడు అని. స్టార్ అయ్యాక తనకు తాను పెట్టుకున్న బిరుదు అది.

హాస్టల్ గదుల్లో, యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. సీటొచ్చినా, అవార్డొచ్చినా ‘నాకు అర్హత ఉందా’ అని మీరు లోలోపల కుమిలిపోతుంటారు. ఆ ప్రశ్న మీలో పుట్టింది కాదు, తరాల నుంచి మనవాళ్ళ పేర్లు కొట్టేస్తూ వచ్చినవాళ్ళు నాటింది. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. ఫోన్లో రికార్డు పెట్టండి. ఎవరి పొలంలో నాట్లేసింది, కూలి ఎంత ఇచ్చారు, ఎక్కడికి వలసపోయింది, నాట్లప్పుడు ఏం పాడేది, అన్నీ అడగండి. ఆమె పూర్తి పేరు, ఊరు, తేదీ రాసి దాచండి. రేపు మీ పుస్తకం మీదో, థీసిస్ మొదటి పేజీలోనో ఆ పేరు అచ్చు కావాలి.