లో విజన్: చూపు తగ్గినవాళ్లు అసలు ఏం కోరుకుంటారు?

మా దాదీకి రెటీనా మధ్యభాగం దెబ్బతిందని డాక్టర్ చెప్పిన రోజు ఇంట్లోవాళ్లందరం ఒకటే అడిగాం: "చూపు మళ్లీ వస్తుందా?" రాదన్నారు. తిరిగి వచ్చేశాం. దారిలో దాదీ ఒక మాట అంది: "ఖుర్ఆన్ చదువుకోడానికి ఏదైనా దారి ఉందా అని ఒక్కరూ అడగలేదేం?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పే విభాగం ఒకటి ఉంటుందని మాకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. దాని పేరు లో విజన్ క్లినిక్. దృష్టి పునరావాస కేంద్రం అని కూడా అంటారు.

లో విజన్ అంటే ఏమిటి?

మందులు, ఆపరేషన్, మామూలు కళ్లద్దాలు అన్నీ అయ్యాక కూడా చూపు పనులకు సరిపోకపోవడం, అయినా కొంత చూపు మిగిలి ఉండడమే లో విజన్. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో దీనికి కొలత ఉంది. అద్దాలు పెట్టుకున్నాక కూడా బాగున్న కంటికి చూపు 6/18 కంటే తక్కువ నుంచి 3/60 వరకు ఉండాలి. లేదా చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు కుంచించుకుపోయి ఉండాలి. 6/18 అంటే, మామూలు చూపున్న మనిషి 18 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని వీళ్లు 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేరని అర్థం.

షుగర్ వల్ల రెటీనా పాడవడం, గ్లకోమా, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు పెద్దవాళ్లలో ముఖ్య కారణాలు. పిల్లల్లో, యువతలో రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి వంశపారంపర్య జబ్బులు కనిపిస్తాయి. మొదట రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు తగ్గుతూ పోతుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. మన ఇళ్లలో ఈ మాట దాచకుండా మాట్లాడుకోవాలి. కాటరాక్ట్ మాత్రం ఆపరేషన్‌తో నయమవుతుంది కాబట్టి ముందు కంటి డాక్టర్ పరీక్ష తప్పనిసరి.

వాళ్లు కోరుకునేది ఏమిటి?

అమెరికాలో లో విజన్ క్లినిక్‌లకు వచ్చిన 800 మందికి పైగా పేషెంట్ల ఇబ్బందులను నమోదు చేసి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో దాదాపు ప్రతి ముగ్గురిలో ఇద్దరు చెప్పింది చదవలేకపోతున్నామనే. మన ఇళ్లలో అడిగినా ఆ మాటే ముందు వస్తుంది, కాకపోతే చదవాల్సినవి వేరు.

చదవడం: చాలామంది పెద్దవాళ్లకు మొదటి కోరిక ఖుర్ఆన్. అరబీలో బే, తే, సే అక్షరాల ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కల్లో ఉంటుంది. చూపు తగ్గినప్పుడు మొదట మాయమయ్యేవి ఆ చుక్కలు, జేర్, జబర్, పేష్‌లే. తెలుగులో వత్తులు, గుడులు కూడా అంతే. పెద్ద హెడ్డింగ్ చదివేస్తున్నారు కదా అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు గానీ, కింద వార్త వాళ్లకు మసకే.

మొహాలు: పెళ్లిలో ఎదురుగా వచ్చిన ఖాలాకు సలాం చెప్పకపోతే "ఎంత పొగరు" అంటారు. ఆమె మొహం వాళ్లకు కనిపించలేదని ఎవరికీ తట్టదు. చూపు తగ్గినవాళ్లు ఫంక్షన్లు మానేయడానికి ఇదొక పెద్ద కారణం.

తిరగడం: బస్సు నంబరు, మెట్టు అంచు, మసీదు గుమ్మం, ఫజ్ర్ వేళ చీకటి. కిరాణా కొట్టుకు ఒక్కరే వెళ్లి రాగలిగితే చాలనేవాళ్లు ఎందరో.

డబ్బు, ఫోన్: ఏ నోటు ఎంతదో ఇంకొకరిని అడగకుండా తెలియాలి. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ పక్కవాళ్లు చదివి వినిపించాల్సిన అవసరం రాకూడదు.

పని, చదువు: యువకులకు ఉద్యోగం, పిల్లలకు బోర్డు మీద అక్షరాలు, గృహిణికి తన వంటగది.

వీటన్నిటికీ తోడు ఇంకో కోరిక ఉంటుంది: నమ్మాలి. పాస్ చూపిస్తే "ఫోన్ చూస్తున్నావుగా, చూపు లేదంటావేంటి?" అని బస్సులో అడిగేవాళ్లుంటారు. కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే ఫోన్ కనపడొచ్చు, ఎదురుగా ఉన్న గుంత కనపడకపోవచ్చు. లో విజన్ అంటేనే అది.

క్లినిక్‌లో ఏం చేస్తారు?

మంచి క్లినిక్‌లో మొదటి ప్రశ్న "మీరు ఏ పని చేసుకోవాలనుకుంటున్నారు?" అన్నదే. జవాబును బట్టి సాధనం మారుతుంది.

చదవడానికి చేతి భూతద్దం, స్టాండ్ భూతద్దం, ఎక్కువ పవర్ అద్దాలు, స్క్రీన్ మీద అక్షరాన్ని పెద్దగా చూపించే వీడియో మాగ్నిఫయర్ ఉంటాయి. పవర్ పెరిగేకొద్దీ ఒకసారికి కనిపించే పదాలు తగ్గుతాయి, పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకోవాలి. 10 డయాప్టర్ల అద్దంతో చదవాలంటే దూరం సుమారు 10 సెంటీమీటర్లే. అలా దగ్గరగా పెట్టుకుని చదివితే ఉన్న చూపు కూడా పోతుందన్న భయం అక్కర్లేదు.

బోర్డుకు, బస్సు నంబరుకు చిన్న టెలిస్కోప్ పనికొస్తుంది. మధ్యచూపు పోయినవాళ్లకు కంటిని కాస్త పక్కకు తిప్పి, బాగున్న భాగంతో చూడడం నేర్పిస్తారు. పక్కచూపు పోయినవాళ్లకు తల తిప్పుతూ గమనించడం, తెల్లకర్రతో నడవడం నేర్పిస్తారు. ఇవన్నీ ఒక్కరోజులో రావు. కొని తెచ్చిన భూతద్దం వారానికే బీరువాలోకి పోవడానికి కారణం చాలాసార్లు సాధన లేకపోవడమే.

డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దృష్టి పునరావాసానికి ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. విజయవాడ, విశాఖపట్నంలోనూ ఆ సంస్థకు ఆస్పత్రులు ఉన్నాయి. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు.

ఇంట్లో మనం చేయగలిగినవి

- దీపం పుస్తకం మీద పడాలి, కళ్లలోకి కొట్టకూడదు. ఎండలో అంచున్న టోపీ, డాక్టర్ సూచించిన రంగు అద్దాలు వాడాలి.
- తెల్ల అన్నం ముదురు రంగు ప్లేటులో, పాలు ముదురు కప్పులో ఇవ్వండి. జానమాజ్ రంగు నేల రంగులో కలిసిపోకూడదు. మెట్ల అంచులకు పసుపు టేపు వేయండి.
- ఉప్పు, చక్కెర డబ్బాల్లో ఒకదానికి రబ్బరు బ్యాండ్ చుట్టండి. రెండు రకాల కంటి చుక్కల మందులుంటే ఒక సీసాకు ఇదే గుర్తు పెట్టండి.
- వస్తువులు ఎక్కడివక్కడే ఉంచండి. వుజూ చేసే చోట బకెట్, స్టూలు జరపకండి.
- పేజీకి 13 లైన్లుండే పెద్దక్షరాల ముస్‌హఫ్ వెతకండి. ట్యాబ్‌లో అయితే అక్షరాన్ని ఇంకా పెంచుకోవచ్చు.
- ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే టాక్‌బ్యాక్ తెలుగులోనూ చదివి వినిపిస్తుంది. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఇంటర్నెట్ లేకుండానే నోటు విలువ చెబుతుంది. కొత్త 100 నోటు మీద త్రిభుజం, 500 నోటు మీద వృత్తం ఉబ్బెత్తుగా ఉంటాయి. అంచుల్లో 100కు నాలుగు గీతలు, 500కు ఐదు గీతలు. వేలితో తడిమి చూడడం నేర్పండి.
- ఎదురుపడితే ముందు మీ పేరు చెప్పి సలాం చెప్పండి.

అన్నిటికంటే కష్టమైంది ఇంకోటుంది: చేతిలో పని లాక్కోకుండా ఉండడం. ప్రేమతోనే "నువ్వు కూర్చో అమ్మీ, నేను చేస్తా" అంటాం. ఆర్నెల్లకు ఆమె టీ పెట్టడం కూడా మర్చిపోతుంది.

లేనివి కనిపిస్తే భయపడొద్దు

చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మనుషులు, పూలు, డిజైన్లు లేకపోయినా కనిపిస్తాయి. దీన్ని చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన బానెట్ 1760లో తన తాత విషయంలో దీన్ని రాశాడు. కళ్ల నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించుకుంటుంది. ఇది పిచ్చి కాదు, జిన్ పట్టడమూ కాదు. చెబితే ఏమనుకుంటారోనని చాలామంది లోలోపలే కుమిలిపోతారు. మీరే మెల్లగా అడగండి, డాక్టర్‌కు చెప్పండి.

హక్కులు, లెక్కలు

వైకల్యం 40 శాతం లేదా ఆపైన అని సర్టిఫికెట్ వస్తే యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం అంధులకు, లో విజన్ ఉన్నవారికి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్లు. పరీక్షలకు స్క్రైబ్‌ను, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగవచ్చు. దివ్యాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకు పెరిగింది. పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని ఆడపిల్లలకు సర్టిఫికెట్ తీయించని ఇళ్లున్నాయి. దానివల్ల ఆ పిల్ల సీటు, ఉద్యోగం రెండూ పోతాయి.

ప్రవక్త (స) కాలంలో అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. అయినా ఆయన మదీనాలో అజాన్ ఇచ్చేవారు. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలూ ఉన్నాయి. మన ఇంట్లో చూపు తగ్గిన మనిషికి మనం ఏ బాధ్యత మిగిల్చామో ఒకసారి ఆలోచించాలి.

క్లినిక్‌కు వెళ్లేముందు వాళ్లను కూర్చోబెట్టి, మళ్లీ చేసుకోవాలనుకుంటున్న పనులు మూడు అడిగి కాగితం మీద రాయండి. వాళ్లు చదివే పుస్తకం, వాడే మందు సీసా, ఫోన్ వెంట తీసుకెళ్లండి. దాదీ ఇప్పుడు స్టాండ్ భూతద్దంతో రోజుకు అర పేజీ చదువుతుంది. మునుపు ఒక పారా చదివేది. "అర పేజీ అయినా నా కళ్లతో చదువుతున్నా కదా" అంటుంది.