జాతికోడి చరిత్రము: వన్నెయు గుణమును

మన మహాసభల సంచికలలో వంశవృక్షములను గూర్చియు, శాసనములను గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. ఈ యేడు మేము పెరటికోడిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఇది పరిహాసమని సోదరులు భావింపవలదు. జి. కొండూరు మొదలు నూజివీడు వరకు వ్యాపించిన మామిడితోటల సీమలో, తల్లి యెవరు, తండ్రి యెవరు అని అడిగి మఱీ పెంచిన ప్రాణులలో ఎద్దు తరువాత చెప్పదగినది కోడియే. 2022లో జిల్లాలు చీలినప్పుడు కొండూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి గాని, ఈ వైపు పెట్ట ఆ వైపు పుంజుతో జతపడుటకు ఆ యెల్ల అడ్డు రాలేదు.

ఈ విద్య ప్రాచీనమైనది. దండి రచించిన దశకుమారచరితమున ప్రమతి కథయందు కోళ్లపోరు కలదు. అందు నారికేళజాతి, బలాకాజాతి అని రెండు జాతుల పేర్లు చెప్పబడినవి. కోళ్లను జాతులుగా గుర్తించి, దేనికేది సాటియో తర్కించువారు ఆ కాలముననే యుండిరన్నమాట. 13వ శతాబ్దమున కేతన ఆ కావ్యమును తెనిగించెను. క్రీడాభిరామమునందు ఓరుగంటి కోడిపందెము వర్ణింపబడినది. పలనాటి కథ చెప్పనక్కఱలేదు. పందెమున ఓడి మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచిపోయిరి. చివరకు కారెంపూడి రణరంగమున వీరులు నేలకూలిరి. ఆ కథలో నాయకురాలి పుంజును సివంగిడేగ యందురు. ఆ పేరిటి తుదనున్న డేగ యనుమాటయే నేటికిని మన పల్లెలలో ఎఱ్ఱని పుంజునకు పేరై నిలిచియున్నది.

వన్నెల పేర్లలో తెలుగువారికున్న సంపద అచ్చెరువు గొల్పును. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎఱ్ఱనిది డేగ. వీపునను రెక్కలమీదను పసుపువన్నె తిరిగినది నెమలి. మెడయందు తెలుపు నలుపులు సరిసమానముగా కలిసినది పర్ల, మెడ నల్లనైనది సవల. ఎఱుపును బూడిదవన్నెయు కలిసిన మైల, మూడు వన్నెల కౌజు, తెల్లని యొడలిపై అక్కడక్కడ నల్లయీక గల పింగళ, ముంగిసజూలు వంటి ముంగిస, ఇంకను గేరువా, నల్లబోర, కొక్కిరాయి. కుక్కుటశాస్త్రములు ఏ నక్షత్రమున, ఏ జామున, ఏ వన్నె ఏ వన్నెను గెలుచునో నిర్ణయించి చెప్పినవి. ఆ ఫలితములను మేము నమ్మము. నమ్మి చేలు తాకట్టు పెట్టిన కుటుంబములు మన కులమునను కలవు. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు. అయినను ఆ శాస్త్రమువలన తెలియకయే ఒక మేలు జరిగినది. ప్రతి వన్నెకును గెలుపుదినము ఒకటి కలదు గనుక ఏ వన్నెను ఎవరును పారవేయలేదు. అన్ని వన్నెలును నిలిచినవి.

గుణము సంగతి వేఱు. శాస్త్రములు పుంజు వన్నెను చెప్పునే గాని పెట్ట గుణమును అంతగా విచారింపవు. ఆ విచారణ పెరటిలో, స్త్రీల చేతిలో నుండెను. మా బాల్యమున ఇండ్లలో చూచినది వ్రాయుచున్నాము. గంప క్రింద పిల్లలతోనున్న పెట్ట గ్రద్దమీదికి ఎగురునా, గంప సందున దూరునా అని మా పెద్దమ్మలు కనిపెట్టెడివారు. ఎగిరిన పెట్ట గ్రుడ్లనే పొదుగుటకు దాచెడివారు. ఇంటివారిని పొడుచు పుంజు ఎంత వన్నెగలదైనను కూరకుండకే పోయెడిది. సాటిపుంజుతో రౌద్రము, మనుష్యుని చేతిలో సాధుత్వము అను ఈ రెండు గుణములును ఒక్క ప్రాణియందు కలియుట ఇట్టి యేరివేతవలననేయని మా యభిప్రాయము. మఱియు కొక్కెర తెగులు వచ్చినచో ఒక్క వారములో పెరడు పాడగును. అందుచేత మంచిపెట్టను పొరుగూరి చుట్టములకు పాలికిచ్చి యుంచెడివారు. ఇచ్చట వంశము నశించినను అచ్చట మిగిలెడిది.

ఈ జాతికే అసీలు అని పేరు. అరబ్బీమూలమైన ఆ మాటకు మేలిజాతి యని యర్థము. పెట్ట యేటికి పెట్టు గ్రుడ్లు స్వల్పము, పొదుగుటలో మాత్రము దిట్ట. 1868లో డార్విను పెంపుడుకోళ్ల మూలము ఎఱ్ఱ అడవికోడియని సిద్ధాంతీకరించెను. 2020లో ప్రకటింపబడిన జన్యుపరిశోధనము దానిని బలపఱచి, ఆగ్నేయాసియాయందలి ఒక ఉపజాతిని మూలముగా చూపినది. అయితే పసుపుపచ్చని కాళ్లు మాత్రము మన దక్షిణదేశపు బూడిదవన్నె అడవికోడినుండి వచ్చినవని 2008లో తేలినది. అసీలు తలపైనుండు బఠాణీగింజల వరుసవంటి పొట్టిజుట్టు సంగతి మఱియొకటి. ఆ జుట్టు, విడిజుట్టు కలిసినచో పిల్లలయందు ఏది నిలుచునో పరీక్షించియే బేట్సను 1902లో మెండెలు సూత్రము జంతువులకును చెల్లునని చూపెను.

ఇంగ్లండు చరిత్ర మనకు చెవియొగ్గి వినదగినది. అచ్చట 1835, 1849 శాసనములచే కోడిపోరు నిషిద్ధమైనది. పెంచువారు ప్రదర్శనశాలలకు మఱలిరి. న్యాయాధిపతులు పొడవుకాళ్లను మెచ్చగా, కొన్ని దశాబ్దములలోనే పూర్వపు పోటుకోడినుండి కొంగవలె కాళ్లు సాగిన వేఱొక జాతి పుట్టినది. అదే దేశమున కార్న్‌వాలువారు మన అసీలును తమ కోళ్లతో కలిపి వెడల్పు రొమ్ముగల కోడిని సాధించిరి. నేడు లోకమంతయు తిను బ్రాయిలరు కోడికి తండ్రివైపు వంశములలో అది యొకటి. పోరు పోయినతోడనే జాతి అంతరింపదు. దేనికొఱకు ఏరుదుమో దానివైపే అది మరలును.

మనకును ఆ ఘట్టము వచ్చినది. 1960 నాటి జంతుహింసా నిషేధచట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదచట్టము కలవు. 2016 డిసెంబరులో ఉన్నతన్యాయస్థానము సంక్రాంతి పందెములను అడ్డుకొనవలసినదని ఆజ్ఞాపించెను. అయినను పందెములు ఆగలేదు. కాలికి కత్తి కట్టుటచే పోరు కొన్ని నిమిషములలో ముగియుచున్నది. అందుచే దమ్మును, ఓర్పును చూచి ఏరుట తగ్గి, మొదటి దెబ్బ వడియే ప్రధానమైనది. మఱియొక వంక చిలుకముక్కు, పొడవుతోక గల కోళ్లు వేలకువేలు పలుకుచున్నవి. ఇంగ్లండు ప్రదర్శనశాలల వైపరీత్యమే మన యింట ప్రవేశించినదని మా భయము. హైదరాబాదు కోళ్లపరిశోధనాలయము అసీలును భద్రపఱచుచున్నమాట నిజమే గాని, ఒక్క ఆలయమున నిలుచు మంద వేఱు, ఊరూర పాలిపెట్టలలో బ్రదుకు వంశము వేఱు.

కత్తిని విడిచి కోడిని నిలుపుకొనుట సాధ్యమేయని మేము తలచుచున్నాము. మామిడితోట క్రింద మన్ను చెదరగొట్టి పురుగును ఏరి తిను పెట్టకు పందెపు బరితో పనిలేదు. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతముల సోదరీమణులు ఒక చిన్నపుస్తకమున పెట్ట వన్నె, దాని తల్లి వన్నె, జతకట్టిన పుంజు, పొదుగు తేదీ, పిల్లలతోనున్నప్పటి నడవడి వ్రాసియుంచి, వచ్చు మహాసభకు తెచ్చినయెడల వానిని సరిపోల్చి చూచుటకు మేము సిద్ధముగా నున్నాము.