కాట్పాడి తెలుగువారి ఇంగ్లీషు ప్రశ్నల్లో కాకువు

మాట్లాడేటప్పుడు వాక్యం పొడవునా గొంతు హెచ్చుతూ తగ్గుతూ సాగే తీరును కాకువు అంటారు. మాటలు మారకుండా గొంతు మారినంతనే అర్థం మారిపోవడాన్ని మన ఆలంకారికులు ఏనాడో గమనించి కాకు వక్రోక్తి అని పేరు పెట్టారు. ఒక భాషలో పుట్టి పెరిగిన కాకువు మరో భాషలో ప్రశ్న అడిగేటప్పుడు ఎలా పనిచేస్తుందో చూడడానికి తమిళనాడులోని వేలూరు జిల్లా, అందులోనూ కాట్పాడి, చక్కని చోటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లాగా ఒకటిగా ఉండేది. గుడియాత్తం, కాట్పాడి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. 1984లో ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన వి.ఐ.టి.కి చదువుకోసం, 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన చిన్న వైద్యశాల నుంచి ఎదిగిన సి.ఎం.సి. ఆసుపత్రికి చికిత్సకోసం వచ్చే తెలుగువారు వీరికి తోడవుతారు. తమిళం రాని తెలుగువారికీ ఇక్కడివారికీ మధ్య తరచు ఇంగ్లీషే వారధి.

తెలుగులో అవునో కాదో చెప్పమనే ప్రశ్నను నడిపేది ప్రధానంగా ప్రత్యయం, అంటే మాట చివర చేరే అక్షరం. "వచ్చాడు" అనే మాటకు "ఆ" చేరి "వచ్చాడా" అయినప్పుడు, దాన్ని గుసగుసగా పలికినా, గొంతు ఏమాత్రం లేపకుండా పలికినా అది ప్రశ్నే. తమిళంలోనూ "వందాన్" ఇదే తీరున "వందానా" అవుతుంది కాబట్టి, రెండు భాషలూ వచ్చిన గుడియాత్తం పిల్లవాడికి ఒకదాని అలవాటు మరొకదానిలో బలపడుతుందే తప్ప సడలదు. చైనా భాషలోనూ వాక్యం చివర "మా" చేరి ప్రశ్నను తెలుపుతుంది. అయితే అక్కడ ప్రతి పదానికీ దానిదైన గొంతు స్థాయి ఉండి, అది మారితే పదమే మారిపోతుంది కాబట్టి, ఇంగ్లీషు నేర్చుకునే చైనీయుల చిక్కు మరింత ముదురుతుంది. తెలుగువాడికి ఆ బాధ లేదు.

తెలుగులోని ఈ "ఆ" వాక్యంలో ఏ మాటకైనా చేరగలదన్నది ఇంకా ముఖ్యమైన విషయం. "నువ్వు రేపు వస్తావా", "రేపా నువ్వు వచ్చేది", "నువ్వా రేపు వచ్చేది" అనే మూడింటిలో సందేహం దేని మీద ఉందో ప్రత్యయమే వేలెత్తి చూపుతుంది. ఇంగ్లీషులో "ఆర్ యూ కమింగ్ టుమారో" అనే నాలుగు మాటలూ కదలకుండా ఉంటాయి; సందేహం రేపటి మీదైతే "టుమారో" మీద, మనిషి మీదైతే "యూ" మీద గొంతు ఊనుతుంది. ఈ ఊనిక స్థానాన్ని కేంద్రస్వరం అంటారు. తెలుగువారు మాటలన్నిటినీ సరిగ్గా పేర్చి, ఊనికను ప్రతిసారీ ఒకే చోట వదిలేసినప్పుడు వాక్యంలో తప్పేమీ కనిపించదు కానీ అడిగింది దేని గురించో ఎదుటివాడికి అందదు.

వ్యాకరణం సడలిన చోట చిక్కు మరో రకంగా వస్తుంది. "జ్వరం ఉందా" అన్నా, తమిళంలో "కాయ్చల్ ఇరుక్కా" అన్నా ప్రశ్న స్పష్టం. అదే పదక్రమంలో ఇంగ్లీషులో "ఫీవర్ ఈజ్ దేర్" అన్నప్పుడు "ఈజ్" ముందుకు రాలేదు, చేర్చడానికి "ఆ" లేదు. ఇక ఆ వాక్యం ప్రశ్న కావడానికి మిగిలిన ఒకే ఒక్క గుర్తు చివర లేచే గొంతు. అది కూడా లేవకపోతే వినేవారు దాన్ని సమాచారంగా తీసుకుంటారు. ఈ రకం వాక్యాన్ని తప్పని కొట్టిపారేయడం కంటే, అందులో గొంతుకున్న బాధ్యతను చెప్పడం వల్ల మేలు ఎక్కువ.

"ఎప్పుడు", "ఎక్కడ" వంటి ప్రశ్నార్థక పదాలున్న వాక్యాల్లో ఇంగ్లీషు గొంతు సాధారణంగా చివర దిగుతుంది, మర్యాద కోసం లేస్తుంది. తెలుగులో ఆ మర్యాదను "ఎక్కడికండీ" అనే మాటలోని "అండీ" మోస్తుంది, తమిళంలో "ంగ" మోస్తుంది. ఇంగ్లీషులో ఆ ఆసరా లేదు కనుక, "వాట్ ఈజ్ యువర్ నేమ్" అని మనస్ఫూర్తిగా గౌరవంతో అడిగినా దిగిన గొంతు కటువుగా వినిపించవచ్చు. "కదా" విషయమూ ఇంతే: తెలుగులో కర్త ఎవరైనా అదొక్కటే మాట కాబట్టి "ఈజింట్ ఇట్" కూడా అన్నిటికీ సరిపోతుందని తోస్తుంది. ఇంగ్లీషులో వాక్యం చివర చేరే అలాంటి తోక మీద గొంతు లేస్తే నిజంగా అడుగుతున్నట్టు, దిగితే ఒప్పుకోలు కోరుతున్నట్టు.

1958లో హైదరాబాదులో నెలకొన్న కేంద్ర ఆంగ్ల సంస్థ, నేటి ఇఫ్లూ, మన దేశంలో ఇంగ్లీషు ఉచ్చారణ బోధనను ఒక శాస్త్రంగా నిలబెట్టింది. టి. బాలసుబ్రమణియన్ 1981లో భారతీయ విద్యార్థుల కోసం రాసిన ధ్వనిశాస్త్ర గ్రంథాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. అయితే రాత పరీక్ష గొంతును వినదు. గొంతును పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలియడానికి, భాషాశాస్త్రవేత్త జాన్ గంపెర్జ్ 1982 నాటి గ్రంథంలో వివరించిన ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. బ్రిటన్‌లోని ఒక విమానాశ్రయ సిబ్బంది భోజనశాలలో కొత్తగా చేరిన భారత, పాకిస్తానీ స్త్రీలు మాంసం మీద పోసే పులుసు కావాలా అన్న భావంతో "గ్రేవీ" అని గొంతు దించి అడిగేవారు. లేచే గొంతుకు అలవాటుపడినవారికి అది "ఇదిగో గ్రేవీ" అని విసిరినట్టు వినిపించి, వీరు పొగరుబోతులన్న పేరు పడింది. సంభాషణలను రికార్డు చేసి వినిపించి చర్చించాక, తమ మీద అంతకాలం ఉన్న చిన్నచూపుకు కారణం ఏమిటో ఆ స్త్రీలు స్వయంగా చెవులతో పోల్చుకోగలిగారు.