రూరిక్ వంశీయుల మూలాలు: పాదాకృతి సాక్ష్యమవుతుందా?

కాలి బొటనవేలు అన్నిటికన్నా పొడవుంటే 'ఈజిప్టు పాదం', రెండో వేలు ముందుకు వస్తే 'గ్రీకు పాదం' అనే విభజన పూర్వీకుల అన్వేషణలో తరచు వినిపిస్తోంది. మధ్యయుగ రుస్‌ను ఏలిన రూరిక్ వంశం స్కాండినేవియాదా, స్లావులదా, ఫిన్నిక్ తెగలదా అనే పాత వివాదానికి ఇలాంటి గుర్తులతో జవాబు దొరకదు. ఆ పాదాకృతులన్నీ ప్రతి జనసమూహంలోనూ కనిపిస్తాయి. రెండో వేలు పొడవైన పాదాలు మన తెలుగు ఇళ్లలోనూ ఎన్నో ఉన్నాయి.

12వ శతాబ్ది ఆరంభంలో కీవ్‌లో కూర్చిన వృత్తాంత గ్రంథంలో పాదానికి చోటుంది, అయితే అక్కడ దాని అర్థం వేరు. రూరిక్ వంశపు రాజు వ్లాదిమిర్ పెళ్లి కబురు పంపినప్పుడు పొలొత్స్క్ రాజకుమారి రొగ్నేద, దాసి కొడుకు కాలి జోళ్లు తాను విప్పనని తిరస్కరించింది. కొత్త పెళ్లికూతురు వరుడి పాదరక్షలు విప్పడం నాటి ఆచారం. వ్లాదిమిర్ తల్లి మాలూష, అతని నాయనమ్మ ఓల్గా రాణి ఇంట పనిచేసిన స్త్రీ. అదే గ్రంథం 985 నాటి వోల్గా బల్గార్ల యుద్ధాన్ని చెబుతూ మరో ఘట్టం వివరిస్తుంది. బందీలందరూ తోలు బూట్లు తొడిగి ఉండటం చూసి, వీళ్లు కప్పం కట్టరు, నారచెప్పుల వాళ్లను వెతుక్కుందామని వ్లాదిమిర్ మేనమామ దొబ్రీన్య సలహా ఇచ్చాడు. ఆనాటి వారు కాళ్లను చూసి హోదాను, సంపదను అంచనా వేశారు. పుట్టుక గొప్పదా కాదా అన్న ప్రశ్న కూడా జోళ్లు విప్పే ఆచారం మీదే తేలింది, వేళ్ల పొడవు మీద కాదు.

ఎముకల సాక్ష్యం మరింత విలువైనది. వ్లాదిమిర్ కొడుకు యారొస్లావ్‌ను 1016లో శత్రు సేనాని కుంటివాడని ఎగతాళి చేశాడని వృత్తాంతం చెబుతుంది. 1939లో కీవ్ సెయింట్ సోఫియా చర్చిలోని పాలరాతి శవపేటికను తెరిచి ఎముకలను పరీక్షించినప్పుడు కుడి కాలి కీళ్లలో లోపాలు బయటపడ్డాయి. ఒక మనిషి బతుకులోని బాధను ఎముక ఇంత స్పష్టంగా చెప్పింది. ఆయన పూర్వీకులు ఎక్కడివారో మాత్రం ఆ కాలు చెప్పలేదు. పైగా పాదంలోని చిన్న ఎముకలు సమాధుల్లో తరచు చెదిరిపోతాయి, వేళ్ల కొసలకు రూపమిచ్చే కండ మిగలదు.

పాదరక్షలు కూడా పాదాన్ని మారుస్తాయి. కేంబ్రిడ్జ్‌లో 177 మధ్యయుగ అస్థిపంజరాలపై 2021లో వెలువడిన అధ్యయనంలో, బొటనవేలు పక్కకు వంగే వైకల్యం 11–13 శతాబ్దాల వారిలో 6 శాతానికి, 14–15 శతాబ్దాల వారిలో 27 శాతానికి కనిపించింది. మొన తేలిన బూట్ల ఫ్యాషన్ ఇందుకు కారణమని పరిశోధకుల భావన. ఒకే ఊళ్లో కొన్ని తరాల్లోనే ఇంత మారే అవయవాన్ని జాతిచిహ్నంగా తీసుకోవడం శాస్త్రసమ్మతం కాదు.

ఈ వంశపు వివాహాలను చూస్తే ఒకే 'జాతి పాదం' అన్న మాట అసలే నిలవదు. యారొస్లావ్ భార్య ఇంగిగెర్డ్ స్వీడన్ రాజు కూతురు. వారి మనుమడు వ్లాదిమిర్ మొనొమాఖ్ తల్లి బైజాంటియం చక్రవర్తి బంధువు, భార్య గీత ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ కుమార్తె. మొనొమాఖ్ కొడుకు యూరీ దొల్గొరూకీ 1108లో సంచార తెగ పోలోవ్‌ట్సీ ఖాన్ కూతుర్ని పెళ్లాడాడు.

మూలాల ప్రశ్నకు నమ్మదగిన దారి ప్రాచీన డీఎన్‌ఏ. ఈ వంశపు అలెగ్జాండర్ నెవ్‌స్కీ కుమారుడు, 1294లో మరణించిన ద్మీత్రీ ఎముకల నుంచి సేకరించిన జన్యు సమాచారం 2023లో ప్రచురితమైంది. తండ్రి వైపు వచ్చే వై క్రోమోజోమ్ ఎన్1ఎ వర్గానిదని తేలింది. ఇది నేటి రూరిక్ వారసుల్లో అనేకుల వర్గంతో సరిపోయింది. మొత్తం జన్యువారసత్వంలో తూర్పు స్కాండినేవియా వారి పాలు ఉంది, తూర్పు యూరేషియా పాలు కూడా ఉంది. ఎన్1ఎ ఒక్క తండ్రి గొలుసును మాత్రమే చూపుతుంది గనుక దాన్నిబట్టి మొత్తం వంశానికి ఒకే జాతి పేరు పెట్టడం కూడా తప్పే.

రూరిక్ వంశ చరిత్రకు పాదాకృతిని ఆధారంగా అంగీకరించడానికి వీల్లేదు.